మీకు తెలుసా? ప్యాకెట్ తిండి మనచేత ఎక్కువ తినిపిస్తుంది

అంబాజీపేట పొట్టిక్కల్లో ఉండేవి మినప్పప్పు, బియ్యపు రవ్వ, ఉప్పు. పనసాకు బుట్టలో ఆవిరికి ఉడుకుతాయి. చిప్స్, కూల్‌డ్రింకుల్లాంటి ఫ్యాక్టరీ తిండిలో మాత్రం మన వంటింట్లో కనిపించని రంగులు, కృత్రిమ రుచులు చేరతాయి.

• అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు సహజాహారం పెట్టింది. ఫలితాలు 2019లో వెలువడ్డాయి. వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండింట్లోనూ సమానమే.

• అయినా ఫ్యాక్టరీ తిండిని వేగంగా, రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువగా తిన్నారు. సగటున 0.9 కిలో బరువు పెరిగారు. సహజాహారంతో దాదాపు అంతే తగ్గారు.

• హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో ఇలాంటి తిండి తగ్గించమంది.

దాహమేస్తే పిల్లలకు కూల్‌డ్రింకు బదులు మన కొబ్బరిబోండమే కొట్టించండి.