మంచు కాలంలో ట్రాక్టరుకు పట్ట కప్పుతున్నారా? ముందు ఉప్పు కడగండి

నాట్లు అయిపోయాయి. దమ్ము చేసిన ట్రాక్టరును ఇంటికి తోలుకొచ్చి చింతచెట్టు పక్కన నిలిపారు. వడ్లు ఆరబోసుకునే నీలం పట్ట తెచ్చి దాని మీద కప్పి, నాలుగు మూలలా తాడుతో బిగించి కట్టేశారు. ఇక సంక్రాంతి పోయి కోతలు వచ్చేదాకా దాని జోలికి ఎవరూ పోరు. మీ ఇంట్లోనూ ఇదే పద్ధతి అయితే, అందులోనూ మీ ఊరు పులికాట్ సరస్సుకు దగ్గరయితే, ఈ వారం ఈ సంగతి చదవండి.

తడ మండలంలో సరస్సు అంచున ఉన్న ఒక ఊళ్ళో ఈ మధ్య ఒక రైతు తన ట్రాక్టరు చూపించాడు. బ్యాంకు అప్పు మీద కొన్న బండి. వాయిదాలు ఇంకా మూడేళ్ళు కట్టాలి. "వానకు తడవకూడదనే గదన్నా కప్పింది! రెండు నెలలు తాడు గూడా ఇప్పలా. కోతలకని ఇప్పి చూస్తే ఇదీ వరస" అన్నాడు. బానెట్ అంచుల్లో రంగు పొక్కులు లేచింది. మడ్‌గార్డుల లోపలి వైపు ఎర్రగా తుప్పు. బ్యాటరీ పెట్టె అడుగును వేలితో గీకితే పొరలు పొరలుగా రాలింది. విచిత్రం ఏమిటంటే, పక్కనే ఏ కప్పూ లేకుండా రెండు నెలలు వానలో తడిసిన పాత ట్రాలీ దీనికన్నా మేలుగా ఉంది.

ఆయన అడిగింది ఒకటే ప్రశ్న. "కప్పినదానికి తుప్పేంది, కప్పనిదానికి లేకపోవడమేంది?"

దానికి జవాబు మన వంటింట్లోనే ఉంది.

ఉప్పు కుండ చెమర్చినట్టే

ముసురు పట్టిన రోజుల్లో ఉప్పు కుండ చెమర్చడం మీరు చూసే ఉంటారు. ఎవరూ నీళ్ళు పోయకపోయినా ఉప్పు తనంతట తనే తడి అవుతుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటిందంటే మామూలు ఉప్పు ఆ తేమను లాక్కుని నీరవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా కలిసి ఉంటాయి కాబట్టి, అది అంతకన్నా తక్కువ తేమకే చెమరుస్తుంది. ఇనుము మీద ఉప్పు పొర ఉందంటే, వాన పడకపోయినా, మంచు కురవకపోయినా ఆ ఇనుము రాత్రంతా తడిగానే ఉన్నట్టు లెక్క. ఆ తడి కూడా ఉత్త నీళ్ళు కాదు, ఉప్పునీళ్ళు. తుప్పుకు అంతకన్నా ఏం కావాలి?

పులికాట్ చుట్టుపక్కల ఉప్పుకు కొదవ లేదు. చిలక తర్వాత దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. పాతకాలం వాళ్ళు దీన్ని ప్రళయకావేరి అనేవారు. సరస్సుకూ సముద్రానికీ మధ్య శ్రీహరికోట దీవి ఒక్కటే అడ్డం. వేసవిలో ఉత్తరపు భాగం ఎండిపోయి నేల బయటపడుతుంది, ఉప్పు తేలుతుంది, గాలి ఆ దుమ్మును లేపుతుంది. కార్తీక మాసం వానలకు సరస్సు నీళ్ళలో ఉప్పదనం తగ్గుతుంది గానీ, అప్పుడు తూర్పు నుంచి, ఈశాన్యం నుంచి సముద్రపు గాలి తుంపరను మోసుకొస్తుంది. అంటే ఏ కాలమయినా మీ బండి మీద ఎంతో కొంత ఉప్పు పడుతూనే ఉంటుంది. పైగా ఒడ్డు మళ్ళలో బురద దున్నినప్పుడు చక్రాలకూ, అడుగు భాగానికీ అంటుకున్న మట్టిలోనూ ఉప్పు ఉంటుంది.

ఇప్పుడు ఆ రైతు ప్రశ్నకు రండి. ట్రాలీని వాన కడిగేసింది. ట్రాక్టరు మీది ఉప్పును వాన కడగకుండా పట్ట అడ్డం పడింది. సముద్ర తీరాల్లో ఇది తెలిసిన సంగతే. వాన సోకే గోడ మీది ఇనుప కమ్మీ కన్నా, చూరు కింద వాన సోకని కమ్మీ ముందు తుప్పు పట్టడం మీరూ గమనించి ఉంటారు. తుప్పు మన ఒక్కరి బాధ కాదు. తమిళనాడులో కారైకుడిలో ఉన్న కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ ఈ తుప్పు మీదే దశాబ్దాలుగా పని చేస్తోంది. మండపం తీరంలో లోహపు రేకులను ఉప్పు గాలికి పెట్టి, ఏది ఎంత తింటుందో కొలిచిన సంస్థ అది.

ఉప్పుకు తోడు మంచు. మబ్బులేని రాత్రి ఇనుము తన వేడిని ఆకాశానికి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడుతుంది. చల్లటి నీళ్ళు పోసిన గ్లాసు బయట చెమట పట్టినట్టు, ఆ ఇనుము మీద గాలిలోని ఆవిరి నీటిబొట్లయి నిలుస్తుంది. బండిని పట్టతో నేలదాకా మూసి కట్టేస్తే ఏమవుతుంది? తడి నేల నుంచి లేచే ఆవిరి బయటికి పోలేదు. రాత్రి పట్ట లోపలి వైపు బొట్లు కట్టి బండి మీదే రాలుతుంది. పగలు ఎండకు లోపల ఇడ్లీ పాత్రలా ఉడుకుతుంది. రాత్రి మళ్ళీ బొట్లు. రెండు నెలలు ఇదే వరస.

అట్లాగని పట్ట వద్దని కాదు. వాననీళ్ళు సైలెన్సర్‌లోకి, ఎయిర్ క్లీనర్‌లోకి, మీటర్ల లోపలికి, సీటు కిందకి పోకుండా పైన కప్పు ఉండాల్సిందే. కప్పే పద్ధతి మారాలి.

ముందు కడుగు, తర్వాత కప్పు

దమ్ము పని అయిపోయిన రోజే బండిని మంచినీళ్ళతో కడగండి. మంచినీళ్ళు అని ఊరికే అనడం లేదు. సరస్సు అంచు ఊళ్ళలో చాలా బోర్లలో నీళ్ళు చవుడు. ఆ నీళ్ళతో ఎంత రుద్ది కడిగినా, ఆరాక ఉప్పు అక్కడే మిగులుతుంది. మీ బోరు నీళ్ళ మీద అనుమానం ఉంటే ఒక స్టీలు పళ్ళెంలో గ్లాసెడు పోసి ఎండలో పెట్టండి. నీళ్ళు ఇగిరాక మిగిలిన తెల్ల పొర నాలుకకు ఉప్పగా తగిలితే, ఆ నీళ్ళు బండికి పనికిరావు. చెరువు నీళ్ళు తెచ్చుకోండి, లేదా ఇంటి కప్పు మీద నుంచి పడే వాననీళ్ళు డ్రమ్ములో పట్టుకోండి. వాననీటిని మించిన కడుగు నీళ్ళు లేవు.

పైపైన కడిగితే చాలదు. బండి పైభాగం మెరుస్తుంటుంది, అడుగున మాత్రం బురద గడ్డకట్టి ఉంటుంది. మడ్‌గార్డుల లోపలి వైపు, రిమ్ముల అంచులు, ఫుట్‌బోర్డు కింద, హైడ్రాలిక్ చేతుల సందులు పుల్లతో గీకి మరీ కడగాలి. డైనమో, స్టార్టర్, ఎయిర్ క్లీనర్ మీదికి మాత్రం నీళ్ళ గొట్టం పెట్టవద్దు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్ళు కొట్టవద్దు. కడిగాక ఒక పూట ఎండలో ఆరనివ్వండి. తడి మీద గ్రీజు పూస్తే తడిని లోపల పెట్టి మూసినట్టే.

ఆరాక గ్రీజు నిపుల్స్ అన్నింటికీ, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు ఎక్కించండి. రోటవేటర్ బ్లేడ్లకు, నాగళ్ళ కర్రులకు, రంగు పోయిన ప్రతి చోటా పలచగా గ్రీజు పూయండి. కొందరు కాలిన ఇంజను ఆయిల్ పూస్తారు. అది పని చేస్తుంది గానీ, టైర్ల రబ్బరుకు తగలకూడదు, కారి చేలో నీళ్ళలో కలవకూడదు.

పందిరి వేయండి, మూట కట్టవద్దు

పట్ట బండికి తగలకుండా పైన ఉండాలి. మన తీరంలో సరుగుడు కర్రలకు కరువు లేదు. కొందరు వాటినే సవుకు కర్రలంటారు. నాలుగు గుంజలు పాతి, తూర్పు వైపువి తక్కువ ఎత్తుగా, పడమటి వైపువి ఒక అడుగున్నర ఎక్కువ ఎత్తుగా పెట్టండి. పైన వాసాలు కట్టి పట్ట పరవండి. వాలు ఉంటేనే నీళ్ళు నిలవవు. ఈ కాలంలో వాన, గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచే కాబట్టి తూర్పు, ఉత్తరం దిక్కులకు తాటాకు తడికె కట్టి, పడమర, దక్షిణం తెరిచి ఉంచండి. పట్ట కాకుండా తాటాకుతోనే పైకప్పు వేసినా మంచిదే. మన తాతల నాటి బండ్ల పాకలు అట్లా కట్టినవే. తాటాకు నీడ ఇస్తుంది, వాన ఆపుతుంది, గాలిని ఆపదు. మంచు కూడా నేరుగా పడదు. ఆకాశానికీ ఇనుముకూ మధ్య కప్పు అడ్డం ఉంటే ఇనుము అంతగా చల్లబడదు.

పందిరి వేయడానికి చోటు లేక బండి మీదే కప్పాలంటే, స్టీరింగు మీద, బానెట్ మీద వెదురు బద్దలు వంచి గూడులా కట్టి దాని మీద పట్ట వేయండి. అంచులు నేలకు రెండడుగుల ఎత్తులోనే ఆపండి. ఎండ కాసిన రోజు పొద్దెక్కాక పట్ట తీసి, పొద్దుగూకక ముందే మళ్ళీ కప్పండి. రోజూ తీరిక లేకపోతే వారానికి రెండుసార్లయినా తీయండి. దున్ని వచ్చిన వెంటనే మాత్రం కప్పవద్దు. సైలెన్సర్ వేడికి ప్లాస్టిక్ పట్ట కరిగి అంటుకుంటుంది, నిప్పు రాజుకున్నా రాజుకుంటుంది. గంటసేపు చల్లారనివ్వండి.

పట్ట కొనేటప్పుడు గ్రాముల లెక్క అడగండి. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో పట్ట మీద జీఎస్ఎం అని ఉంటుంది. అది ఎక్కువయ్యేకొద్దీ పట్ట మందం. ఎండకు తట్టుకునే మందు కలిపినదా కాదా అని కూడా అడగండి. కలపనిది ఒక్క వేసవికే పొడిపొడిగా రాలుతుంది. వడ్లు ఆరబోసుకునే పట్టను బండికి వాడకండి. ఆయిల్ మరకలు అంటిన పట్ట మీద మళ్ళీ వడ్లు పోయలేరు.

బండి లోపలి సంగతి

నిలువు సైలెన్సర్ ఉన్న బండికి గొట్టం మీద ఖాళీ డబ్బా బోర్లించండి. స్టార్ట్ చేసే ముందు తీయడం మరిచిపోకండి. ఎవరో ఒకరు ప్రతి ఏడూ మరిచిపోతూనే ఉంటారు. నిలిపే ముందు డీజిల్ ట్యాంకు నిండా నింపండి. సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలోని గాలి రాత్రి చల్లబడి, ఆవిరి నీరై డీజిల్‌లోకి దిగుతుంది. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, టెర్మినల్స్‌కు వాజిలిన్ పూయండి.

చాలామందికి తెలియనిది క్లచ్ సంగతి. నెలల తరబడి కదలకుండా నిలిపితే క్లచ్ ప్లేటు తుప్పుతో అతుక్కుపోతుంది. తీరా కోతలప్పుడు గేరు పడదు. ఎక్కువ కాలం నిలిపేటట్టయితే పెడల్ పూర్తిగా నొక్కి, అది లేవకుండా ఒక కర్రముక్క అడ్డం పెట్టండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకు ముందూ వెనకా చెక్క మొద్దులు వేయండి. పదిహేను రోజులకొకసారి కర్ర తీసి ఇంజను స్టార్ట్ చేయండి. అయిదు నిమిషాలు తిప్పి ఆపేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. పొగలోని నీటి ఆవిరి బయటికి పోకుండా లోపలే నిలుస్తుంది. ఇంజను బాగా వేడెక్కేదాకా, అరగంట తిప్పాలి.

ఎలుకలను మరిచిపోకండి. చలికి వెచ్చటి చోటు వెతుక్కుంటూ మూసిన పట్ట కిందికి దూరి వైర్లు కొరికేస్తాయి. బండి పక్కన గడ్డివాము, వడ్ల బస్తాలు ఉంటే వాటిని మీరే పిలిచినట్టు.

తుఫాను కబురొస్తే

2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాటింది అక్కడే అయినా సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు వానకు ఊళ్ళు ఊళ్ళే నీళ్ళలో నిలిచాయి. అట్లాంటి కబురు రాగానే పందిరి మీది పట్ట విప్పి మడిచి పెట్టుకోండి. గాలికి ఎగిరే పట్ట గుంజలతో సహా లేచి బండి మీదే పడుతుంది. ట్రాక్టరును మెరక మీదికి, చెట్లకు, కరెంటు స్తంభాలకు దూరంగా చేర్చండి. పడే వాన పడనివ్వండి, ఒక్క సైలెన్సర్ మూత మాత్రం గట్టిగా కట్టండి. ఇంజను మునిగిందనుకుంటే స్టార్ట్ కొట్టవద్దు. ఆయిల్ గేజు తీసి చూడండి. ఆయిల్ పాలరంగులో ఉంటే లోపలికి నీళ్ళు పోయినట్టే. మెకానిక్ వచ్చి ఆయిల్ మార్చేదాకా తాళం చెవి ఇంట్లోనే పెట్టుకోండి.

కారున్న వాళ్ళకు కూడా

ఇప్పుడు పల్లెల్లోనూ ఇళ్ళ ముందు కార్లు కనిపిస్తున్నాయి. కారు మీద ప్లాస్టిక్ పట్ట బిగించి కట్టవద్దు. గాలికి రాసుకుని రంగు మీద గీతలు పడతాయి, తడి నిలిచి మచ్చలు వస్తాయి. లోపలి వైపు మెత్తటి గుడ్డ ఉండి, ఆవిరిని బయటికి వదిలే కవరు కొనండి. దుమ్ము మీద కవరు లాగితే అది గరుకు కాగితంలా గీకుతుంది కాబట్టి కడిగాకే వేయండి. తలుపుల అడుగు అంచున చిన్న రంధ్రాలుంటాయి, లోపల చేరిన నీళ్ళు పోవడానికి. వాటిలో మట్టి నిండితే తలుపు లోపలి నుంచి కుళ్ళుతుంది. పుల్లతో పొడిచి చూడండి. సరస్సు మధ్యగా సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే దారిలో రోజూ తిరిగే వాళ్ళు వారానికొకసారి కారు అడుగు కడిగించాలి. చలిదేశాల్లోనూ ఇదే బాధ. అక్కడ రోడ్ల మీద పేరుకున్న మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పుకు కార్ల అడుగులు తినేస్తాయి. అమెరికాలో పిల్లలున్న వాళ్ళు ఫోనులో అడగండి, చలికాలంలో కారు అడుగు కడిగించే సంగతి వాళ్ళే చెబుతారు.

తడ రైతు ఈసారి తాటాకు పందిరి వేస్తానన్నాడు. బ్యాటరీ పెట్టె కొత్తది వేయించాడు. మడ్‌గార్డుల తుప్పు గరుకు కాగితంతో గీకించి, రెడ్ ఆక్సైడ్ కొట్టించి, పైన రంగు వేయించాడు. కడగడానికి నీళ్ళెక్కడివంటే, ఇంటి చూరు కింద పెట్టిన రెండు డ్రమ్ములు చూపించాడు. ఒకటి అప్పటికే నిండింది.