పాత మైదానం, కొత్త స్టేడియం: ఫతేమైదాన్ నుంచి ఉప్పల్ దాకా – ఒక తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

పాత క్రీడాప్రాంగణాల స్థానంలో కొత్తవి నిర్మించడం గత నాలుగు దశాబ్దాలుగా అనేక దేశాల్లో సాగుతున్న ప్రక్రియ. భద్రత, ఆదాయం, యాజమాన్యం, భూమి విలువ దీనికి ప్రధాన కారణాలు. హైదరాబాద్‌లో అంతర్జాతీయ క్రికెట్ 2005లో నగరమధ్యంలోని లాల్ బహదూర్ స్టేడియం నుంచి తూర్పు శివారైన ఉప్పల్‌కు తరలింది. ఈ మార్పును లండన్, టోక్యో, అట్లాంటా వంటి నగరాల అనుభవంతో పోల్చి, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ ప్రాంతాల క్రీడాస్థలాలపై దాని అర్థమేమిటో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: క్రీడాప్రాంగణం, ఫతేమైదాన్, ఉప్పల్ స్టేడియం, సరూర్‌నగర్, బహిరంగస్థలం, యాజమాన్యం.

1. ఉపోద్ఘాతం

తెలుగువాడుకలో ‘మైదానం’, ‘స్టేడియం’ అనే రెండు మాటలూ ఆటస్థలానికే చెల్లుతాయి. అయితే వాటి అర్థపరిధులు ఒకటి కావు. మైదానం పారసీకం నుంచి ఉర్దూ ద్వారా తెలుగులో స్థిరపడ్డ పదం. అది తెరపిగా ఉన్న నేలను సూచిస్తుంది. అక్కడ ఆట ఆడవచ్చు, సభ జరపవచ్చు, ఊరికే కూర్చోవచ్చు. స్టేడియం అనగానే గోడ, ద్వారం, టికెట్, నిర్ణీతమైన సీటు స్ఫురిస్తాయి. హైదరాబాద్ క్రీడాచరిత్రను ఒక విధంగా ఈ మొదటి మాట నుంచి రెండో మాటకు సాగిన ప్రయాణంగా చెప్పుకోవచ్చు.

పాత ప్రాంగణాన్ని మార్చడమంటే భవనాన్ని మార్చడం మాత్రమే కాదు. ఆ స్థలానికి ఎవరు చేరగలరు, ఎవరు లోపలికి వెళ్లగలరు, అక్కడ ఏమేమి చేయవచ్చు అన్న విషయాలు కూడా దానితోపాటు మారుతాయి.

2. ప్రతిస్థాపనలో మూడు పద్ధతులు

వివిధ దేశాల అనుభవాన్ని గమనిస్తే ఈ మార్పు ప్రధానంగా మూడు విధాలుగా జరుగుతున్నట్లు కనిపిస్తుంది.

2.1. ఉన్నచోటే కూల్చి కట్టడం: లండన్‌లోని వెంబ్లీ స్టేడియం 1923లో ప్రారంభమైంది. దానిని 2000లో మూసివేశారు. అదే స్థలంలో 90 వేల సీట్ల కొత్త స్టేడియం 2007లో తెరుచుకుంది. ఈ మధ్యకాలంలో, 2001 నుంచి 2006 దాకా, ఎఫ్.ఎ. కప్ అంతిమపోటీలు వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో జరిగాయి. సింగపూర్ జాతీయ స్టేడియం 2007లో మూతపడగా కొత్తది 2014లో అందుబాటులోకి వచ్చింది. అహ్మదాబాద్‌లోని మొతేరాలో పాత క్రికెట్ స్టేడియాన్ని తొలగించి, 1,32,000 మంది పట్టే ప్రాంగణాన్ని 2020లో పూర్తి చేశారు. ఈ పద్ధతిలో స్థలంతో ముడిపడిన జ్ఞాపకం నిలుస్తుంది. అయితే నిర్మాణం పూర్తయ్యేదాకా నగరానికి ఆ వేదిక ఉండదు.

చుట్టుపక్కల నివాసాలపైనా దీని ప్రభావం ఉంటుంది. టోక్యోలో 1964 ఒలింపిక్స్‌కు వేదికైన జాతీయ స్టేడియాన్ని 2015 నాటికి కూల్చివేశారు. మొదట ఎంపికైన జహా హదీద్ నమూనాను వ్యయభారం కారణంగా రద్దు చేసి, కెంగో కుమా నమూనాతో 2019లో నిర్మాణం పూర్తి చేశారు. ఈ క్రమంలో పక్కనే ఉన్న కసుమిగావొకా ప్రభుత్వ గృహసముదాయం తొలగిపోయింది. అందులోని నివాసుల్లో ఎక్కువమంది వృద్ధులు.

2.2. మరోచోటికి తరలించి పాతస్థలాన్ని వేరే పనికి వాడటం: 1989లో హిల్స్‌బరో దుర్ఘటనలో 97 మంది ప్రాణాలు కోల్పోయారు. 1990 నాటి టేలర్ నివేదిక ప్రకారం ఇంగ్లండ్‌లోని పెద్ద ఫుట్‌బాల్ స్టేడియాల్లో నిలబడి చూసే అరుగుల స్థానంలో సీట్లు తప్పనిసరి అయ్యాయి. దానితో ఆర్సెనల్ జట్టు సొంతమైదానమైన హైబరీ సామర్థ్యం సుమారు 38 వేలకు తగ్గింది. చుట్టూ ఇళ్లు ఉన్నందువల్ల విస్తరణకు వీలు లేకపోయింది. జట్టు 2006లో సమీపంలోనే నిర్మించిన 60 వేల సీట్ల ప్రాంగణానికి మారింది. హైబరీ 700కు పైగా ఫ్లాట్ల నివాససముదాయమైంది. వారసత్వగుర్తింపు ఉన్న తూర్పు స్టాండు ముఖభాగాన్ని మాత్రం అలాగే ఉంచారు. ఆట సాగిన పచ్చిక నివాసుల తోటగా మారింది.

అట్లాంటా ఉదాహరణ ఇంకొక విషయం తెలుపుతుంది. 1996 ఒలింపిక్స్ కోసం నిర్మించిన స్టేడియాన్ని బేస్‌బాల్‌కు అనువుగా మార్చి టర్నర్ ఫీల్డ్‌గా 1997 నుంచి వాడారు. ఇరవై ఏళ్లకే, 2017లో, జట్టు శివారైన కాబ్ కౌంటీకి తరలిపోయింది. అక్కడి కొత్త స్టేడియం సామర్థ్యం పాతదానికన్నా తక్కువ. దుకాణాలు, హోటళ్లు, కార్యాలయాలతో కూడిన వ్యాపారసముదాయం మధ్యలో దానిని నిర్మించారు. కాబట్టి ప్రతిస్థాపనకు శిథిలావస్థ కానీ, సీట్ల కొరత కానీ ప్రతిసారీ కారణం కానక్కరలేదు.

2.3. పాతదాన్ని నిలిపి, ప్రధానమైన ఆటను మాత్రమే తరలించడం: హైదరాబాద్, విశాఖపట్నం ఈ కోవకు చెందుతాయి.

3. ఫతేమైదాన్: బహుళప్రయోజన స్థలం

ఫతేమైదాన్ పేరుకు 1687లో గోల్కొండపై మొగలుల విజయం మూలమని ప్రసిద్ధి. 1955 నవంబరులో హైదరాబాద్‌లో తొలి టెస్టు క్రికెట్ పోటీ ఇక్కడే జరిగింది. న్యూజీలాండ్‌తో జరిగిన ఆ టెస్టులో పాలీ ఉమ్రీగర్ చేసిన 223 పరుగులు భారతీయ బ్యాట్స్‌మన్ సాధించిన తొలి టెస్టు ద్విశతకం. 1967లో స్టేడియానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. 1969, 1988లలో జరిగిన మిగతా రెండు టెస్టుల్లోనూ ప్రత్యర్థి న్యూజీలాండే. 1999 నవంబరులో సచిన్ టెండూల్కర్, రాహుల్ ద్రవిడ్ రెండో వికెట్‌కు 331 పరుగులు జోడించినదీ ఈ మైదానంలోనే. అప్పుడూ ప్రత్యర్థి న్యూజీలాండే.

ఈ స్థలం క్రికెట్‌కే పరిమితం కాలేదు. ఫుట్‌బాల్, అథ్లెటిక్స్, ఈత, టెన్నిస్ ఒకే ఆవరణలో సాగాయి. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు, 2023 డిసెంబరు 7న ఎ. రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేసింది ఇక్కడే. స్టేడియం అయిన తరువాత కూడా ఫతేమైదాన్ మైదానం లక్షణాన్ని పూర్తిగా వదులుకోలేదని దీనివల్ల తెలుస్తుంది.

4. ఉప్పల్: యాజమాన్యం మారిన తీరు

లాల్ బహదూర్ స్టేడియం ప్రభుత్వ క్రీడాప్రాధికారసంస్థ అధీనంలోనిది. ఇతర క్రీడలతో, సభలతో పంచుకోవలసిన ఆ వేదికకు బదులు, పూర్తిగా తన ఆధ్వర్యంలో నడిచే స్టేడియాన్ని హైదరాబాద్ క్రికెట్ సంఘం ఉప్పల్‌లో నిర్మించుకుంది. 2003లో లాల్ బహదూర్ స్టేడియంలో చివరి పురుషుల అంతర్జాతీయ వన్డే జరిగింది. 2005 నవంబరు 16న భారత్, దక్షిణాఫ్రికా వన్డేతో ఉప్పల్ శకం ఆరంభమైంది. 2010లో జరిగిన తొలి టెస్టుకు కూడా న్యూజీలాండే అతిథి. 2023 ప్రపంచకప్‌లో మూడు పోటీలకు ఈ స్టేడియం వేదికైంది.

విశాఖపట్నంలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. 1988 నుంచి 2001 దాకా వన్డేలకు ఆతిథ్యమిచ్చిన ఇందిరా ప్రియదర్శిని స్టేడియం నగరపాలకసంస్థది. 2005 ఏప్రిల్‌లో మహేంద్రసింగ్ ధోనీ 148 పరుగులు చేసిన పోటీ నుంచి అంతర్జాతీయ క్రికెట్ మధురవాడ వైపున్న ఆంధ్రా క్రికెట్ సంఘం స్టేడియానికి మారింది. ఒకే ఏడాదిలో రెండు తెలుగు నగరాల్లోనూ క్రికెట్ ప్రభుత్వస్థలాన్ని వదిలి సంఘం స్థలానికి, నగరమధ్యం నుంచి శివారుకు వెళ్లింది. ప్రసారహక్కులు, ప్రకటనలు, 2008లో మొదలైన ఐపీఎల్ వంటి ఆదాయమార్గాల నేపథ్యంలో సొంత స్టేడియానికి ప్రాధాన్యం మరింత పెరిగింది.

హైదరాబాద్‌లో ఆటలు విడిపోయిన తీరు కూడా గమనార్హం. 2002 జాతీయ క్రీడల సందర్భంగా అథ్లెటిక్స్‌కు పడమటి శివారైన గచ్చిబౌలిలో బాలయోగి స్టేడియం ఏర్పడింది. అంటే, నగరం నడిబొడ్డున ఒకేచోట ఉన్న ఆటలు తూర్పు, పడమర శివార్లకు వేరుపడ్డాయి.

5. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్: దగ్గరైన స్టేడియం, దూరమైన ఆట

ఉప్పల్ స్టేడియం రాకతో తూర్పు హైదరాబాద్‌కు అంతర్జాతీయ క్రికెట్ దగ్గరైంది. ఎల్బీ నగర్ నుంచి నాగోలు మీదుగా రోడ్డుమార్గం కొద్ది కిలోమీటర్లే. మెట్రో మార్గం మాత్రం అందుకు భిన్నంగా ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో రైలెక్కినవారు పాత లాల్ బహదూర్ స్టేడియం దగ్గరి అసెంబ్లీ స్టేషన్‌కు ఒకే రైలులో చేరగలరు. పక్కనున్న ఉప్పల్‌కు వెళ్లాలంటే ఎంజీబీఎస్‌లో ఒకసారి, పరేడ్ గ్రౌండ్‌లో మరోసారి రైలు మారాలి, లేదా అమీర్‌పేట దాకా వెళ్లి తిరిగి రావాలి. ఎల్బీ నగర్, నాగోలు మధ్య మెట్రో అనుసంధానం లేకపోవడమే దీనికి కారణం. స్టేడియం స్థాననిర్ణయం, ప్రజారవాణా ప్రణాళిక వేర్వేరుగా సాగితే ఏమవుతుందో ఇది చూపుతుంది.

చేరువకన్నా ముఖ్యమైనది ప్రవేశం. ఉప్పల్‌లో సామాన్యుడు ప్రేక్షకుడు మాత్రమే. ఆడుకోవడానికి, పరుగెత్తడానికి తూర్పు హైదరాబాద్‌కు మిగిలిన పెద్ద ప్రభుత్వ వసతి సరూర్‌నగర్ స్టేడియం. దిల్‌సుఖ్‌నగర్ శిక్షణకేంద్రాలకు, హాస్టళ్లకు నెలవు. పోలీసు ఉద్యోగాలకు సిద్ధమయ్యే యువతకు తరగతిగది ఎంత అవసరమో, దేహదారుఢ్య పరీక్షల సాధనకు నేల కూడా అంతే అవసరం. సరూర్‌నగర్ ప్రాంగణం ఇండోర్ క్రీడలతోపాటు సభలకూ, ఉత్సవాలకూ వేదికవుతున్నది. 2023 మేలో కాంగ్రెస్ పార్టీ యువజన డిక్లరేషన్ సభ జరిగినదిక్కడే. 2025లో భారీ బతుకమ్మ వేడుక జరిగినదీ ఇక్కడే. ఫతేమైదాన్‌కు ఉన్న బహుళప్రయోజన లక్షణం తూర్పున ఉప్పల్‌కు కాక, సరూర్‌నగర్‌కు దక్కింది.

ఈ ప్రాంతంలో భూమి విలువ ఒత్తిడిని విస్మరించడానికి వీల్లేదు. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలింది. పాత కట్టడాలను 2022లో తొలగించి, ఆ స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. అక్కడ ఖాళీ అయిన భూమి మరొక ప్రజావసరానికే వెళ్లింది. మైదానాల విషయంలో అటువంటి హామీ ఏ చట్టరూపంలో ఉండాలన్నది ఆలోచించవలసిన విషయం.

6. ముగింపు

2024 ఆగస్టులో ముఖ్యమంత్రి శాసనసభలో బేగరికంచె వద్ద కొత్త అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం ప్రతిపాదనను ప్రకటించారు. అది రూపుదాలిస్తే, నిన్నటి కొత్త స్టేడియమైన ఉప్పల్ రేపటి పాత స్టేడియం కావచ్చు. అట్లాంటా అనుభవం అటువంటి మార్పు ఇరవై ఏళ్లలోనే రాగలదని చూపింది. ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. కొత్త స్టేడియం నిర్ణయంలో కట్టడం వయసుకన్నా యాజమాన్యం, ఆదాయం బలమైన కారణాలు కావచ్చు. రెండు తెలుగు నగరాల అనుభవం దీనిని సమర్థిస్తుంది.

2. పాతస్థలం భవితవ్యం దాని యజమానిని బట్టి ఉంటుంది. హైబరీ ఇళ్లుగా మారింది. ప్రభుత్వాధీనంలో ఉండటం ఫతేమైదాన్ బహిరంగస్థలంగా మిగలడానికి తోడ్పడింది.

3. శివారులో నిర్మించే ప్రేక్షకప్రధానమైన స్టేడియం, బస్తీలోని ఆటస్థలానికి ప్రత్యామ్నాయం కాదు. ఒకటి కట్టేటప్పుడు రెండోదాన్ని కాపాడే ఏర్పాటు విడిగా ఉండాలి.

4. స్థలం ఎంపికకు ముందే ప్రజారవాణా, చుట్టుపక్కల నివాసుల స్థితి, పాత ప్రాంగణ వినియోగం ప్రణాళికలో భాగం కావాలి.

స్టేడియం ఎన్ని వేలమందిని కూర్చోబెడుతుందన్నది సులభంగా లెక్కకు అందుతుంది. దాని పక్కన ఎంతమంది ఆడుకోగలుగుతున్నారన్నది ఎవరూ లెక్కించరు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ వంటి జనసమ్మర్ద ప్రాంతాల్లో క్రీడాప్రణాళిక ఈ రెండో లెక్క నుంచి మొదలుకావలసి ఉంది.