కొత్త పిస్టల్‌తో వచ్చిన మ్యాగజైన్లు చెక్ చేశారా? రేంజ్‌కు వెళ్లేముందు ఈ పనులు తప్పనిసరి!

చూడ్డానికి చిన్న డబ్బా.. లోపల ఒక స్ప్రింగ్. కానీ పిస్టల్ సరిగ్గా పనిచేయాలన్నా, మధ్యలో మొరాయించాలన్నా చాలాసార్లు కారణం అదే. అమెరికాలో గ్రీన్‌కార్డ్, పౌరసత్వం వచ్చాక ఇంటి భద్రత కోసం చిన్న పిస్టల్ కొంటున్న తెలుగు కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలివి.

‘ఒక పిస్టల్, రెండు మ్యాగజైన్లు, రౌండ్లు స్వాధీనం’.. పోలీసుల ప్రెస్‌మీట్లలో ఈ మాట మనం తరచూ వింటుంటాం. ఇక్కడ మ్యాగజైన్ అంటే తూటాలు పేర్చి పెట్టే పెట్టె. పిస్టల్ పిడిలోకి కిందినుంచి దూరుస్తారు. కొత్త పిస్టల్ పెట్టె తెరవగానే అందరి చూపూ తుపాకీ మీదే ఉంటుంది. పక్కనే ప్లాస్టిక్ కవర్‌లో ఉన్న మ్యాగజైన్లను పెద్దగా పట్టించుకోరు. తీరా రేంజ్‌కు వెళ్లాక నాలుగు రౌండ్లకోసారి తూటా ఇరుక్కుపోతుంది. తుపాకీలోనే లోపం ఉందని షాపుకు పరుగెడతారు. కొన్నిసార్లు తప్పు తుపాకీది కాదు, మ్యాగజైన్‌ది!

అన్నిటికంటే ముందు ఇది చదవండి

మ్యాగజైన్ బయటకు తీసేస్తే పిస్టల్ ఖాళీ అయిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు. ప్రాణాలు తీసే పొరపాటు ఇదే. మ్యాగజైన్ తీసేసినా, ఛాంబర్‌లో ఒక తూటా మిగిలే అవకాశం ఉంది. గ్లాక్ 19, సిగ్ పీ365 లాంటి పిస్టళ్లు మామూలుగా మ్యాగజైన్ లేకపోయినా ట్రిగ్గర్ నొక్కితే పేలతాయి. కొన్ని మోడళ్లలో మ్యాగజైన్ లేకపోతే పేలకుండా ఆపే ఏర్పాటు ఉంటుంది కానీ, దాన్ని నమ్ముకుని ఉండకూడదు.

అందుకే వరుస మారకూడదు. ముందుగా వేలు ట్రిగ్గర్ మీద లేకుండా, తుపాకీ మూతి మనుషుల వైపు లేకుండా చూసుకోవాలి. తర్వాత మ్యాగజైన్ తీయాలి. ఆ తర్వాత స్లైడ్ పూర్తిగా వెనక్కి లాగి నిలిపి, ఛాంబర్‌లోకి కంటితో చూడాలి, చిటికెన వేలితో తడిమి చూడాలి. ఇదే పని తలకిందులుగా చేస్తే? అంటే మ్యాగజైన్ లోపల ఉండగానే ముందు స్లైడ్ లాగితే.. ఛాంబర్‌లోని తూటా బయట పడుతుంది, స్లైడ్ ముందుకు వెళ్తూ మ్యాగజైన్ నుంచి ఇంకోటి లోపలికి తోస్తుంది. అప్పుడు మ్యాగజైన్ తీసేసి ‘హమ్మయ్య, ఖాళీ చేశాను’ అనుకుంటారు. కానీ తుపాకీ నిండే ఉంటుంది!

తుపాకీ శుభ్రం చేస్తుండగా పొరపాటున పేలి అమెరికాలో ఓ తెలుగు విద్యార్థి చనిపోయిన వార్త 2024లో అందరినీ కలచివేసింది. ‘ఇది ఖాళీదే’ అన్న మాటను ఎవరు చెప్పినా నమ్మొద్దు, మీరు చూసుకున్నాకే నమ్మండి.

ఇంకో మాట. ఇంట్లో ఈ తనిఖీ చేసేటప్పుడు అసలు తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. పక్క గదిలో తాళం వేసి పెట్టండి.

పెట్టెలో ఏం వచ్చిందో లెక్క చూడండి

కంపెనీని బట్టి ఒకటి నుంచి మూడు మ్యాగజైన్ల దాకా ఇస్తారు. అన్నీ ఒకేలా ఉండాలని లేదు. సిగ్ పీ365తో మామూలుగా రెండు పది రౌండ్లవి వస్తాయి. ఒకదాని అడుగు చదునుగా ఉంటుంది, రెండోదానికి చిటికెన వేలు ఆనేలా చిన్న పొడిగింపు ఉంటుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్‌కు 11, 13 రౌండ్లవి, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ 9 ఎంఎంకు 7, 8 రౌండ్లవి ఇచ్చారు. కాబట్టి ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా ఉందని కంగారు పడొద్దు.

మీ మోడల్, తూటా సైజు మ్యాగజైన్ మీద ఉన్న ముద్రతో సరిపోయిందా లేదా చూసుకోండి. ఒకే కంపెనీవైనా వేరే మోడల్‌వి, పైకి సరిపోయినట్టే కనిపించి లోపల సరిగ్గా కూర్చోకపోవచ్చు.

రాష్ట్రం మారితే చట్టం మారుతుంది

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా చిక్కుల్లో పడే అవకాశం ఉంది. గ్లాక్ 19కు కంపెనీ ఇచ్చే మామూలు మ్యాగజైన్‌లో 15 రౌండ్లు పడతాయి. టెక్సాస్‌లో దీనికి ఎలాంటి అడ్డూ లేదు. కానీ న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా చట్టాల్లో పరిమితి 10 రౌండ్లే. కొలరాడోలో 15. ఇల్లినాయిస్‌లో పిస్టళ్లకు 15. డల్లాస్‌లో చట్టబద్ధంగా కొన్న మ్యాగజైన్‌తో ఎడిసన్‌కు ఇల్లు మారితే, ఆ డబ్బానే నేరమైపోతుంది. తూటాలు ఎన్ని వేశారన్నది కాదు, ఎన్ని పడతాయన్నదే లెక్క. ఈ పరిమితులపై కోర్టుల్లో కేసులు నడుస్తూనే ఉన్నాయి. అందుకే మారే ముందు ఆ రాష్ట్రంలో తాజా నిబంధన ఏంటో తప్పకుండా చూసుకోండి.

హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఫెడరల్ చట్టం ప్రకారం వాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. స్నేహితుడిదే కదా అని రేంజ్‌లో చేతిలోకి తీసుకున్నా చిక్కే.

కంటితో చూడాల్సినవి

మంచి వెలుతురులో ఒక్కో మ్యాగజైన్‌ను తిప్పి తిప్పి చూడండి. ముఖ్యంగా పైభాగం. అక్కడ రెండు పక్కలా లోపలికి వంగిన అంచులుంటాయి. వాటిని ఫీడ్ లిప్స్ అంటారు. తూటాను పట్టి ఉంచేవి, సరైన కోణంలో ఛాంబర్‌లోకి వదిలేవి ఇవే. ఒక అంచు రవ్వంత ఎక్కువ వంగినా, పగులున్నా తూటా ముక్కు పైకో కిందికో తిరిగి ఇరుక్కుపోతుంది. రెండు అంచులూ సమానంగా ఉన్నాయా, ఎక్కడైనా గరుకుగా తగులుతోందా చూడండి. వంకర కనిపిస్తే పట్టకారుతో సరిచేసే పని మాత్రం పెట్టుకోవద్దు. కొత్తదే కదా, మార్చి ఇమ్మని అడగండి.

తర్వాత ఒళ్లంతా చూడండి. సొట్టలున్నాయా? అతుకు దగ్గర పైకి లేచిందా? అడుగున ఉండే బేస్ ప్లేట్ గట్టిగా కూర్చుందా? వేలితో తోస్తే అది జారిపోకూడదు. జారితే లోపలి స్ప్రింగ్, తూటాలు అన్నీ కింద పడతాయి.

నొక్కి చూడాల్సినవి

లోపల తూటాల కింద ఉండే ప్లాస్టిక్ లేదా లోహపు పలకను ఫాలోవర్ అంటారు. పెన్ను వెనుక భాగంతోనో, చిన్న చెక్క పుల్లతోనో దాన్ని మెల్లగా కిందికి నొక్కండి. ఎక్కడా పట్టేయకుండా దిగాలి. వదలగానే ఠక్కున పైకి రావాలి. ఇసుక రాసినట్టు గరగరలాడినా, మధ్యలో ఆగిపోయినా, ఒక పక్కకు బాగా ఒరిగిపోయినా లోపల ఏదో అడ్డు ఉన్నట్టు. చాలాసార్లు అది ఫ్యాక్టరీ నూనె, ప్యాకింగ్ చెత్తే అయి ఉంటుంది. శుభ్రం చేస్తే పోతుంది.

విప్పడం వచ్చినవాళ్లే, మ్యాన్యువల్ పక్కన పెట్టుకుని విప్పాలి. బేస్ ప్లేట్ తీయగానే స్ప్రింగ్ బాణంలా ఎగురుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి, బొటనవేలు అడ్డు పెట్టాలి. స్ప్రింగ్ ఏ వైపు తిరిగి ఉందో ముందే ఫొటో తీసుకుంటే మళ్లీ పెట్టేటప్పుడు తికమక ఉండదు. లోపల పొడి గుడ్డతో తుడిస్తే చాలు. నూనె పోయకండి. నూనె దుమ్మును పట్టేస్తుంది, తూటాలకు అంటితే వాటికీ మంచిది కాదు.

తుపాకీలో పెట్టి చూడాల్సినవి

ఛాంబర్ ఖాళీ అని మరోసారి చూసుకున్నాక ఖాళీ మ్యాగజైన్ దూర్చండి. ‘క్లిక్’ అని వినిపించాలి. కిందికి లాగి చూడండి, రాకూడదు. ఇప్పుడు స్లైడ్ పూర్తిగా వెనక్కి లాగండి. చాలా పిస్టళ్లలో ఖాళీ మ్యాగజైన్ ఉంటే స్లైడ్ వెనక్కే ఆగిపోవాలి. ఫాలోవర్ పైకి వచ్చి ఒక మీటను లేపడం వల్ల అలా జరుగుతుంది. తూటాలు అయిపోయాయని మీకు చెప్పే గుర్తు కూడా అదే. ఆగలేదంటే, ముందు మీ బొటనవేలు ఆ మీట మీద ఆనిందేమో చూసుకోండి. అదీ కాకపోతే ఫాలోవర్‌నో స్ప్రింగ్‌నో అనుమానించాలి.

తర్వాత రిలీజ్ బటన్ నొక్కండి. కొన్ని మోడళ్లలో మ్యాగజైన్ దానంతట అదే జారి పడుతుంది, కొన్నింటిలో చేత్తో లాగాల్సి వస్తుంది. రెండు మ్యాగజైన్లలో ఒకటే పట్టేస్తోందంటే మాత్రం దాని సంగతి చూడాల్సిందే. ప్రతి మ్యాగజైన్‌కూ ఇదే పరీక్ష నాలుగైదుసార్లు చేయండి.

ఆ తర్వాత డమ్మీ రౌండ్లు. రంగు ప్లాస్టిక్‌తోనో, అల్యూమినియంతోనో చేసిన ఉత్తుత్తి తూటాలివి, షాపుల్లో దొరుకుతాయి. ఇంట్లో పరీక్షకు అసలు తూటాలు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు. మ్యాగజైన్ నిండా డమ్మీలు వేసి, స్లైడ్ మూసి ఉండగా దూర్చి చూడండి. నిండు మ్యాగజైన్ కొంచెం గట్టిగా తోస్తే గానీ కూర్చోదు. ఎందుకంటే పైనున్న తూటా స్లైడ్ అడుగుకు ఆనుతుంది. సగం కూర్చున్న మ్యాగజైన్ పైకి బాగానే ఉన్నట్టుంటుంది, కాల్చేటప్పుడు కింద పడుతుంది. అందుకే తోశాక ఒకసారి లాగి చూడటం అలవాటు చేసుకోవాలి.

చివరి రౌండు ఎక్కించడానికి బొటనవేలు నొప్పి పుట్టడం కొత్తల్లో మామూలే. స్ప్రింగ్ బిగువు వాడేకొద్దీ కొంచెం తగ్గుతుంది. లోడింగ్ టూల్ వాడుకోవచ్చు. స్ప్రింగ్‌ను కత్తిరించి వదులు చేయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

రేంజ్‌లో అసలు పరీక్ష

ఇక్కడ ఓ చిన్న చిట్కా ఎంతో డబ్బు ఆదా చేస్తుంది. ప్రతి మ్యాగజైన్ అడుగున పెయింట్ మార్కర్‌తో 1, 2, 3 అని అంకె వేయండి. ఒక్కోదాంతో వేరువేరుగా కాల్చండి. ఏది ఇరుక్కున్నా నంబర్ రాసుకోండి. రెండో నంబర్‌దే ప్రతిసారీ ఇబ్బంది పెడుతుంటే తప్పు ఆ మ్యాగజైన్‌ది. అన్నింటితోనూ వస్తుంటే తుపాకీనో, తూటానో, పట్టుకునే తీరునో చూడాలి. వేరే రకం తూటాలతో కూడా ఒకసారి ప్రయత్నించండి. రాసి పెట్టుకున్న ఈ వివరాలు, బిల్లు, ఫొటో చూపిస్తే షాపువాళ్లతోనో కంపెనీతోనో మాట్లాడటం తేలికవుతుంది.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే తుపాకీని తిప్పి చూడకండి. మూతి గురి వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. తూటా ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంటుంది. శబ్దం మామూలుకంటే బాగా తక్కువగా వస్తే కాల్చడం ఆపేసి రేంజ్ ఆఫీసర్‌ను పిలవండి.

ఇండియాకు వచ్చేటప్పుడు బ్యాగ్ దులపండి

రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగ్‌నే ల్యాప్‌టాప్ బ్యాగ్‌గానూ వాడతారు కొందరు. అడుగున ఖాళీ మ్యాగజైన్ ఉండిపోతుంది. అమెరికా విమానాశ్రయాల్లో ఖాళీదైనా సరే చేతి సామానులో మ్యాగజైన్ తీసుకెళ్లకూడదు. ఇక మన దగ్గర ఆయుధాల చట్టం, 1959 ప్రకారం ఆయుధాలంటే వాటి విడిభాగాలు కూడా. మరిచిపోయానన్నా కేసు నుంచి తేలిగ్గా బయటపడలేరు. అందుకే రేంజ్ సామానుకు వేరే బ్యాగ్ పెట్టుకోవడమే మేలు.

తెలుగు రాష్ట్రాల్లో లైసెన్స్‌తో .32 పిస్టల్ కొన్నవాళ్లకూ తనిఖీ పద్ధతి ఇదే. 9 ఎంఎం ఇక్కడ సామాన్యులకు నిషిద్ధ బోర్. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సరదాగా కాల్చి ఇతరుల ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ పడొచ్చు.

పిల్లలున్న ఇల్లయితే..

తనిఖీ అయ్యాక తుపాకీ ఒక తాళంలో, తూటాలు మరో తాళంలో ఉండాలి. ఖాళీ మ్యాగజైన్ అయినా టేబుల్ మీద వదిలేయకండి. పిల్లలకు అది బొమ్మలాగే కనిపిస్తుంది. ఆ డబ్బా ఎక్కడిదో వెతుక్కుంటూ వెళ్తే తర్వాత దొరికేది తుపాకీనే. అరగంట తనిఖీతో మ్యాగజైన్ లోపం బయటపడుతుంది. కానీ తాళం వేయడానికి పట్టేది అర నిమిషమే, దాన్ని మాత్రం ఒక్కరోజు కూడా మరిచిపోకూడదు.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మీ పిస్టల్ మ్యాన్యువల్‌లో ఉన్న సూచనలనే పాటించండి. మొదటిసారి కొన్నవాళ్లు శిక్షణ పొందిన ఇన్‌స్ట్రక్టర్ దగ్గర నేర్చుకున్నాకే తుపాకీని ముట్టుకోవడం మంచిది.)