టైమ్ అయిపోతుంటే పావు పడిపోయింది... క్లాక్ ఎవరిది నడవాలి?

మనలో చాలామంది చెస్ నేర్చుకున్నదే ఫోన్లో. ఫోన్లో వేలు జారితే తప్పు ఎత్తు పడుతుంది గానీ, గుర్రం కిందపడి దొర్లదు కదా. నిజం బోర్డు మీద దొర్లుతుంది. అదీ మన దగ్గర మూడు సెకన్లే ఉన్నప్పుడు! ఇవాళ దాని గురించే.

ముందు నా కథ చెప్తా. బీటెక్ థర్డ్ ఇయర్, ఒక బ్లిట్జ్ టోర్నమెంట్. నాకు ఐదు సెకన్లు, అవతలి అబ్బాయికి ఏడో ఎనిమిదో. ఏనుగు జరుపుతుంటే మణికట్టు తగిలి నా రాజు, పక్కనున్న రెండు బంట్లు పడిపోయాయి. నేనేం చేశానంటే, టక్కున క్లాక్ నొక్కేశా. అతను "అన్నా, అన్నా" అంటూనే వాటిని నిలబెట్టాడు పాపం. రాజు ఏ గడిలో ఉండేదో చూసుకునేలోపే అతని టైమ్ అయిపోయింది. పాయింట్ నాకొచ్చింది. ఆర్బిటర్‌ని ఎవరూ పిలవలేదు. రూమ్‌కెళ్ళి రూల్ చదివాక తెలిసింది, నేను చేసిందేంటో.

ఫిడే నియమాల్లో 7.4 చూడండి. పావులు ఎవరు పడేస్తే వాళ్ళే, వాళ్ళ టైమ్‌లోనే, సరిగ్గా పెట్టాలి. అవసరమైతే ఇద్దరిలో ఎవరైనా క్లాక్ ఆపి ఆర్బిటర్‌ని పిలవొచ్చు. పడేసినవాళ్ళకి ఆర్బిటర్ పెనాల్టీ కూడా వేయొచ్చు. గమనించారా, సర్దే పని దగ్గర "పొరపాటునా, కావాలనా" అన్న ప్రశ్నే లేదు. పొరపాటైనా సరే, ఖర్చు మీదే. నేను చేసింది ఎలాంటిదంటే, శుక్రవారం సాయంత్రం బిల్డ్ బ్రేక్ చేసి, కోడ్ పుష్ కొట్టేసి ఇంటికెళ్ళిపోవడం లాంటిది. ఫిక్స్ చేసేది పక్క సీటువాడు. జాబ్‌లో ఉన్నప్పుడు అదీ చేశాలెండి.

చాలామందికి ఇంకో డౌట్: పడిన పావుని ముట్టుకుంటే దాన్నే ఆడాలా? అక్కర్లేదు. స్పష్టంగా పొరపాటున తగిలినది టచ్ మూవ్ కిందకి రాదు.

ఇప్పుడు మాస్కో వెళ్దాం, 2019 డిసెంబర్. మన కోనేరు హంపి మహిళల వరల్డ్ ర్యాపిడ్ గెలిచింది అక్కడే. ఆ వెంటనే జరిగిన వరల్డ్ బ్లిట్జ్‌లో 16 ఏళ్ల అలీరెజా ఫిరౌజ్జా, మాగ్నస్ కార్ల్‌సన్ మీద గెలిచే పొజిషన్‌లో ఉన్నాడు. టైమ్ మాత్రం లేదు. ఆ కంగారులో తన రాజు పడిపోయింది, సర్దుకునేసరికి టైమ్ అయిపోయింది. కార్ల్‌సన్ దగ్గర మిగిలింది ఒక్క బిషప్, కాబట్టి డ్రా అనుకుంటాం. కాదు. ఫిరౌజ్జా సొంత పావులే అతని రాజుకి అడ్డుపడి మేట్ అయ్యే దారి ఎక్కడో ఒకటుంటే చాలు, ఓడినట్టే. కార్ల్‌సన్ మాట్లాడి డిస్టర్బ్ చేశాడని అప్పీల్ చేశాడు, కొట్టేశారు. వీడియో చూస్తే ఆ కుర్రాడి మీద జాలేస్తుంది, నాకూ వేసింది. కానీ రాజు పడింది అతని చేతిలో, కాబట్టి నడవాల్సింది అతని క్లాకే.

మరి అవతలివాళ్ళు పడేసి క్లాక్ నొక్కేస్తే? మీరు సర్దకండి, ప్లీజ్. మీ టైమ్ పోతుంది, ఎవరు పడేశారన్న ఆధారమూ పోతుంది. క్లాక్ ఆపి చెయ్యెత్తండి. గేమ్ అయిపోయాక చెప్తే వినేవాళ్ళు తక్కువ. అలాగని బంటు కాస్త పక్కకి ఒరిగిందని, ఊపిరి తీసుకోవడానికి క్లాక్ ఆపేవాళ్ళూ ఉంటారు. ఏ గడిలో ఉందో తెలుస్తుంటే ఆడేయండి బాస్, ఓవరాక్షన్ వద్దు.

హాస్టల్లో ఫోన్ క్లాక్ యాప్ పెట్టుకుని ఆడితే ఆర్బిటర్ ఉండడు. యాప్‌లో పాజ్ బటన్ ఎక్కడుందో గేమ్‌కి ముందే ఇద్దరూ చూసుకోండి, పావు పడితే ఏం చేయాలో కూడా ముందే మాట్లాడుకోండి.

ఆ అబ్బాయి నాకు మళ్ళీ కనిపించలేదు. పేరు కూడా గుర్తులేదు. ఇది చూస్తున్నావేమో, తమ్ముడూ, ఆ పాయింట్ నీదే. సారీ.