దయ వేరు, హక్కు వేరు: పిల్లలకు సామాజిక న్యాయం చెప్పేదెలా?

సామాజిక న్యాయం అంటే ఏమిటని పదో తరగతి పిల్లల్ని అడిగితే తడుముకోకుండా చెబుతారు. రాజ్యాంగ పీఠికలో సామాజిక, ఆర్థిక, రాజకీయ న్యాయం అని ఉందనీ, కుల మత భేదం లేకుండా అందరినీ సమానంగా చూడాలనీ అప్పజెబుతారు. మార్కులు కూడా వేస్తాం. గంట కొట్టగానే అదే పిల్లలు వరండాలో భోజనాలకు కూర్చుంటారు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూస్తే చాలు, ఊళ్లో ఏ పేట ఎటువైపు ఉందో పటం లేకుండానే చెప్పొచ్చు. ఇన్నేళ్ల ఉద్యోగంలో మాకు కష్టమైంది పాఠం చెప్పడం కాదు, ఆ పాఠాన్ని గదిలోంచి వరండాలోకి తీసుకురావడం.

తెలిసిన దాన్నుంచి తెలియని దానికి వెళ్లమని బి.ఇడి.లో మాకు నేర్పారు. పల్నాడు పిల్లలకు తెలిసింది చాపకూడు. మాచర్లలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని ఇంట్లో పెద్దలు చెప్పగా విన్నారు. ఏటా కారంపూడి వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ చాపకూడు పెడతారు. హైస్కూలు తరగతుల్లో మేము ఇక్కడే మొదలుపెడతాం. కథ అయ్యాక ఒకటే ప్రశ్న వేస్తాం: ఒకవేళ బ్రహ్మనాయుడి మనసు మారితే ఆ చాప ఏమవుతుంది?

"చుట్టేస్తారు సార్" అంటారు పిల్లలు.

అప్పుడు వాళ్ల ప్లేటులోని అన్నం సంగతి చెబుతాం. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టి తీరాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టం ఎనిమిదో తరగతి వరకూ దాన్ని హక్కు చేసింది. అంటే హెడ్మాస్టరు మనసు మారినా, సర్పంచి మనసు మారినా ఆ చాప చుట్టేయడానికి వీల్లేదు. బ్రహ్మనాయుడిది గొప్ప దయ, కాదనం. కానీ దయకు యజమాని ఉంటాడు. హక్కుకు ఉండడు. ఈ ఒక్క తేడా తెలిసిన పిల్లవాడు చారు నీళ్లగా ఉంటే నోరు తెరిచి అడుగుతాడు. అడిగినప్పుడు కసురుకోకుండా ఉండడం మా ఉపాధ్యాయుల వంతు. అది అంత సులభం కాదని కూడా ఒప్పుకుంటున్నాం.

హక్కును అడిగి తీసుకోవడం పల్నాడుకు కొత్త కాదు. 1921లో ఇక్కడి రైతులు అడవిలో పశువుల మేతకు పుల్లరి కట్టబోమన్నారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర పోలీసు కాల్పుల్లో కన్నెగంటి హనుమంతు ప్రాణాలు వదిలాడు. ఆ ఉద్యమంలో జైలుకు వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు రాయవెల్లూరు జైల్లోనే 'మాలపల్లి' రాశారు. మేత కోసం జరిగిన పోరాటంలో జైలుకు వెళ్లిన మనిషి అక్కడ కూర్చుని దళిత కుటుంబం కథ ఎందుకు రాశాడో పిల్లల్నే ఆలోచించమంటాం. ఒక్కొక్క ఏడాది మాకు తట్టని జవాబులు వస్తాయి.

ఇంటర్, డిగ్రీ పిల్లలకు కథలు చాలవు. వాళ్లు వాదనకు వస్తారు. "తక్కువ మార్కులకు సీటెందుకు?" అన్నది మొదటి వాదన. దాన్ని అణచకూడదు. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో మద్రాసు ప్రభుత్వపు సీట్ల పంపకం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అప్పుడు మన గుంటూరు జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోదే. అదే ఏడాది మొదటి రాజ్యాంగ సవరణతో 15(4) అధికరణం వచ్చింది. సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన తరగతులకు ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని అది చెబుతుంది. ఇందులో 'సామాజికంగా' అన్న మాట ఎందుకు పెట్టారో ఒక పీరియడంతా మాట్లాడించవచ్చు.

మన పిల్లలను ఇంకో అడుగు లోపలికి తీసుకువెళ్లాలి. దూదేకులవారు బి.సి.-బి.లో ఉన్నారు. 2007 చట్టంతో షేక్, ఖురేషీ, ఫకీర్ మొదలైన వారికి బి.సి.-ఇ. కింద 4 శాతం వచ్చింది. అది సుప్రీంకోర్టు 2010 మధ్యంతర ఉత్తర్వుల మీద నడుస్తోంది. సయ్యద్, పఠాన్ వంటివారు అందులో లేరు. "ఇస్లాంలో కులం లేదు కదా సార్, మరి ఈ తేడా ఏమిటి?" అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. మసీదు సఫ్‌లో భుజం భుజం ఆనించి నిలబడతాం, నిజమే. సంబంధం మాట వచ్చేసరికి "వాళ్లు దూదేకులవాళ్లట" అన్న మాట మన ఇళ్లలో వినబడదా? ఎదుటివారి వరండా గురించి చెప్పి మన వాకిలి దాస్తే పిల్లలు ఇట్టే పసిగడతారు.

జకాత్ సంగతీ ఇలాగే చెప్పాలి. నిసాబ్ కలిగి ఏడాది నిండిన సొమ్ములో నలభయ్యో వంతు తీసి ఇవ్వడం ఫర్జ్. ధనికుల సంపదలో పేదలకు హక్కు ఉందని ఖురాన్ చెబుతుంది. సూరా తౌబాలో ఎవరెవరికి చెందాలో ఎనిమిది వర్గాలు చెప్పి ఉన్నాయి. అంటే పుచ్చుకునేవాడు తన వాటా తీసుకుంటున్నాడే తప్ప చెయ్యి చాపడం లేదు.

కొన్నేళ్ల కిందట ఒక పుస్తకాల పంపిణీ సభలో మేమూ ఉన్నాం. "నిరుపేద విద్యార్థిని" అంటూ మైకులో తొమ్మిదో తరగతి అమ్మాయి పేరు పిలిచారు. ఆ పిల్ల వేదిక ఎక్కింది. తల దించుకునే ఉందని ఫోటోగ్రాఫర్ రెండుసార్లు తల ఎత్తమన్నాడు. మరుసటి ఏడాది పేరు రాసుకుంటామంటే "మాకు వద్దు సార్" అంది. ఆ ఏడు నోటు పుస్తకాలు లేకుండా పాత కాగితాలు కుట్టుకుని రాసింది. హక్కుల పాఠం చెప్పిన మేమే ఆ రోజు చప్పట్లు కొట్టాం.

ఈసారి మన సంఘం సమావేశంలో ఈ సంగతి పెట్టాం. ఫోటో లేకపోతే దాతలు నొచ్చుకుంటారని ఒకరిద్దరు పెద్దలు అన్నారు. ఆ మాటలోనూ కొంత నిజం ఉంది, సంఘం నడవాలంటే దాతలు కావాలి. చాలాసేపు మాట్లాడుకున్నాక వేదిక వద్దనీ, పుస్తకాలు తల్లిదండ్రులకే ఇద్దామనీ అనుకున్నాం. దాతల పేర్లు ఈ సంచిక చివరి పేజీల్లో ఉన్నాయి. పిల్లల పేర్లు వేయలేదు.