కొండదారి బండికి సెన్సారు కొనునప్పుడు

శృంగవరపుకోట విడిచి, తైడా దాటి, అనంతగిరి మీదుగా అరకు చేరు ఘాటు రోడ్డులో బండి నిలిచిపోవుట పట్నపు వీధిలో నిలిచిపోవుట వంటిది కాదు. అందు సంతకు పోవు మిరియాల మూటలుండవచ్చును. విశాఖపట్టణపు పెద్దాసుపత్రికి దించుచున్న నిండు చూలాలును ఉండవచ్చును. కావున నలుగురును చందాలు వేసికొని కొన్న జీపునకు ఏ సామాను వేయింపవలెనో చెప్పవలసిన పెద్దలకు ఈ సంగతి కొంత తెలిసియుండుట మంచిది.

పూర్వపు జీపులో చెడినదానిని మేస్త్రీ విప్పి, తుడిచి, మరల బిగించెడివాడు. నేటి బండి ఇంజనును ఒక చిన్న కంప్యూటరు నడపుచున్నది. దానికి స్వయముగా కన్నులు లేవు, చెవులు లేవు. సెన్సారులే దాని జ్ఞానేంద్రియములు. 2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్-6 నిబంధనలు అమలగుటతో వీని సంఖ్య మరింత పెరిగినది.

వీనిలో క్రాంకు సెన్సారును ముందుగా చెప్పవలెను. ఇంజను ఇరుసుతో తిరుగు పండ్ల చక్రమునెదుట ఇది వెండ్రుకంత సందుతో నిలిచి, పండ్లను లెక్కించుచుండును. చాల బండ్లలో 60 పండ్లకు చోటుండి, రెండు పండ్లు కావలెననియే వదలివేయబడును. ఆ ఖాళీని బట్టి ఇరుసు ఎక్కడ నున్నదో కంప్యూటరు గ్రహించి, ఇంధనమును సకాలమున చిమ్మించును. ఈ లెక్క తప్పినచో ఇంజను ఆగును. నాసిరకపు సెన్సారు చల్లగా నున్నంతసేపు చక్కగనే పనిచేసి, ఎక్కుడులో ఇంజను కాగినపుడు మూగపోవును. అరగంట చల్లారిన పిమ్మట మరల పలుకును. మేస్త్రీ చూచువేళకు రోగము కనబడదు!

రెండవది గాలి పీడనమును కొలుచునది. అరకు సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. అక్కడి గాలి పీడనము విశాఖ తీరముకంటె సుమారు పదవ వంతు తక్కువ. ఈ భేదమును సరిగా చెప్పలేని సెన్సారున్న డీసెలు బండి నల్లని పొగ గ్రక్కును, బలము తప్పును. మైదానపు బండికి పెద్ద బాధ కలిగింపని లోపము కొండబండికి బరువగును.

ఇక అంగడి మాట. కారు కంపెనీలు తమ సెన్సారులను చాలవరకు తాము చేయవు; బాష్, డెన్సో వంటివారు చేసి యిత్తురు. 1951లో బెంగుళూరున మైకో పేర వెలసి, 2008 నుండి బాష్ పేరుతో నడచుచున్న సంస్థ మన మేస్త్రీలందరు నెరిగినదే. తరచుగా అట్టి తయారీదారు సరకే కారు కంపెనీ పెట్టెలో ఒక ధరకును, సొంత పెట్టెలో అంతకు తక్కువ ధరకును దొరకును. నా అభిప్రాయమున తెలివైన బేరమిదియే. ఆ తరువాతివి ఇతర కంపెనీలు సొంత పేరుతో చేయునవి. వీనిలో మంచివియు కలవు, చెడ్డవియు కలవు. నకిలీ వేరు: అది పరుల పేరు దొంగిలించిన సరకు. అంగడివాడు ‘ఒరిజినలే’ యని ఒట్టు పెట్టినంత మాత్రమున నమ్మరాదు. పాత సెన్సారుమీది నెంబరును కొత్తదానితో పోల్చి, బిల్లు వ్రాయించుకొనవలెను. బిల్లు ఇయ్యనివానియొద్ద చౌకయైనను కొనవలదు.

అన్నిటికిని హెచ్చు ధర పెట్టవలెనా? అక్కరలేదు. ఇంజను నీటి వేడిమిని తెలుపు సెన్సారును బిగింపకముందే పరీక్షింపవచ్చును. వేడినీటిలో ముంచి మీటరు పెట్టినచో, వేడి హెచ్చినకొలది దాని నిరోధము తగ్గవలెను. బాష్ వారి సామాన్య రకము 20 డిగ్రీలయొద్ద సుమారు 2,500 ఓములు, 80 డిగ్రీలయొద్ద సుమారు 320 ఓములు చూపును. తన బండికి చెప్పిన లెక్కకు సరిపోయినచో, పేరున్న ఇతర కంపెనీ సరకైనను చాలును. క్రాంకు సెన్సారును, డీసెలు పీడనపు సెన్సారును, ఏబీఎస్ బ్రేకులకు చక్రవేగము తెలుపుదానిని మాత్రము ఇట్లు ఇంటియొద్ద పరీక్షింపజాలము. చక్రపు సెన్సారు చెడినను మామూలు బ్రేకు పట్టును గాని, వానలో తడిసిన మలుపున చక్రములు బిగిసి జారకుండ కాపాడు ఏబీఎస్ పనిచేయదు. ఈ మూడింటియందు అసలు తయారీదారు సరకునే కొనుడు. వారంటీలో నున్న బండికైతే ముందుగా కంపెనీ వర్క్‌షాపువారినే అడుగవలెను. బయటి సామాను వేసినచో దానివలన కలుగు నష్టమునకు వారు పూచీపడరు.

కొనుటకు ముందు మరియొకటి. స్కానరు చూపు కోడు ఆ సెన్సారు దారిలో లోపమున్నదనియే చెప్పును గాని, సెన్సారే చెడెనని చెప్పదు. రాత్రులు బయట నిలిపిన బండి తీగలను ఎలుకలు కొరకును. వానకాలపు చెమ్మ ప్లగ్గులలో చిలుము పట్టించును. ప్లగ్గు విప్పి తుడిపించి, తీగను చివరివరకు చూపించుడు. అంతటితో బండి బాగుపడినచో ఖర్చు మేస్త్రీ కూలితో పోవును. కొత్తది వేయవలసియే వచ్చి, పాతది ఇంకను కొంత పనిచేయుచున్నచో, దానిని పారవేయక గుడ్డలో చుట్టి సీటు క్రింద ఉంచుడు.