కొండ దగ్గర ఆగిన రైలు: బొబ్బిలి - సాలూరు లైను

సుమారు 18 కిలోమీటర్ల రైలుకి చరిత్రేమిటని కొందరు మిత్రులు నవ్వొచ్చు. కాని మా సాలూరు ప్రాంతం రాత అందులోనే కొంత ఉంది.

1908-09లో విజయనగరం - పార్వతీపురం లైను వచ్చింది. 1913లో బెంగాల్ నాగపూర్ రైల్వే వారు బొబ్బిలి నుంచి సాలూరుకి బ్రాంచి వేశారు. సాలూరే ఎందుకు? జయపురం సీమకు పోయే ఘాటు రోడ్డు ఇక్కడే కొండెక్కుతుంది. పైనుంచి బళ్ళ మీద దిగే సరుకు ఇక్కడ రైలెక్కాలి.

అయితే రైలు ఇక్కడి నుంచి కొండెక్కలేదు. 1931లో రాయపూర్ దాకా పూర్తయిన లైను పార్వతీపురం, రాయగడల మీదుగా పోయింది. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస - కిరండూల్ లైను అరకు మీదుగా కోరాపుట్, జయపురం చేరింది. సాలూరు రెంటికీ మధ్య చివరి స్టేషనుగానే మిగిలిపోయింది.

ఇందులో కొంత సైన్సుంది. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం తేలిగ్గా దొర్లుతుంది. అందుకే తక్కువ శక్తితో ఎక్కువ బరువు లాగొచ్చు. ఆ నునుపు వల్లే వాలులో పట్టు తక్కువ. అరకు దారికి 50కి పైగా సొరంగాలు తవ్వింది అందుకే. రబ్బరు టైరుకి ఆ బెంగ లేదు. మలుపులు తిరుగుతూ ఘాటెక్కేస్తుంది. సాలూరు లారీలకు పేరు మోసిన ఊరైంది.

మాది రైతు కుటుంబం. లారీ అయితే బస్తాలు కల్లంలోనే ఎత్తుతారు, మిల్లు దగ్గర దించుతారు. రైలయితే స్టేషను దాకా ఒక బండి, దిగాక ఇంకో బండి. దగ్గరి దూరాలకి ఆ కూలి ఖర్చే రైలు లాభాన్ని తినేస్తుంది.

చివరికి ఈ లైను మీద ప్రయాణికులకు మిగిలింది చిన్న రైలుబస్సు. 2020 మార్చిలో కరోనా వల్ల దేశమంతటా ప్రయాణికుల బళ్ళు ఆగినప్పుడు అదీ ఆగింది.

స్కాట్లండులో ఎడింబరో నుంచి దక్షిణానికి పోయే వేవర్లీ లైనుని గిట్టుబాటు కాదని 1969లో మూసేశారు. జనం అడగ్గా అడగ్గా అందులో కొంత భాగం 2015లో మళ్ళీ తెరిచారు. మధ్యలో పట్టాలు పీకేయడంతో మళ్ళీ కొత్తగా వేయాల్సొచ్చింది.

కొమ్మకి విడిగా లెక్క కడితే ఎప్పుడూ నష్టమే కనిపిస్తుంది. బొబ్బిలిలో దిగి బండి మారకుండా నేరుగా విజయనగరం పోనిస్తేనే చిన్న లైనుకి ప్రాణం. చదువుకి, ఆస్పత్రికి పోయే పేదవాడి టిక్కెట్టు కూడా ఆ లెక్కలోకి రావాలి.